పొడుగ్గా ఉన్నావ్, ఆ డబ్బా దించు

డండీలో, హిల్‌టౌన్ ఎగువీధిలో
ప్రార్థనలు ఆగిపోయిన ఓ చర్చి హాలు.
గురువారం పదింటికి తలుపు తీస్తారు,
తొమ్మిదిన్నరకే వరస గోడ మలుపు తిరిగి ఉంటుంది.
లోపల పనిచేసేవాళ్లు ఏడుగురు.
అందరిలోకీ చిన్నది సెంగా.
ఆవిడకి అరవై ఎనిమిది.

నా ప్రాజెక్టు ప్రశ్న గోడకి అంటించి ఉంది:
పాతికేళ్ల లోపు వాళ్లు ఇక్కడికి సాయానికి ఎందుకు రారు?
డిజైన్ బడిలో మాకు నేర్పింది ఒకటే,
ఎంత పెద్ద ప్రశ్ననైనా
పసుపుపచ్చ చీటీలుగా చించడం.

ఇరవై ముగ్గుర్ని అడిగాను.
బస్‌స్టాపులో, జిమ్ మెట్ల మీద,
చిప్స్ కొట్టు ముందు వెనిగర్ వాసనలో.
టైం లేదు: పదకొండు చీటీలు.
అక్కడ నాకెవరూ తెలీదు: ఐదు.
ఫారం ఆరు పేజీలుంది: నాలుగు.
నిజమే, బంగాళాదుంపలు మొయ్యడానికి
ఇద్దరు పెద్దమనుషుల పూచీ అడిగారు నన్ను కూడా.
ఒకడు భుజాలెగరేసి ఊరుకున్నాడు. అదీ రాసుకున్నాను.
ఒకమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా
"నేను మంచిదాన్నని ఎవరికి చూపించుకోవాలి?" అంది.
ఆ చీటీ ఏ గుంపులోనూ ఇమడలేదు.

ఇక స్ట్రూవన్.
పంతొమ్మిదేళ్లు, టైర్ల షాపులో పని, గోళ్లకింద నలుపు.
చాలాసేపు రోడ్డవతలికి చూసి అన్నాడు:
"ఆ వరసలో మా అమ్మ నిలబడేది.
ఆవిడ కోటు పట్టుకుని నేనూ.
ఇప్పుడు బల్లకి అటుపక్క చేరి
అప్పుడు మా వెనక నిలబడ్డవాళ్లకే
పాస్తా పొట్లం అందించమంటావా?"

రికార్డర్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.
ఆ తర్వాతి నాలుగు నిమిషాలు
బస్సుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పోస్టర్ గీశాను. డబ్బాలు పట్టుకుని నవ్వే కుర్రాళ్లు.
అలా నవ్వుతూ డబ్బా మోసినవాణ్ణి
నేనింతవరకు చూడలేదు.
యాప్ బొమ్మ గీశాను. పది గంటలు పనిచేస్తే ఒక కాఫీ.
"కాఫీ ఇక్కడ ఎప్పుడూ ఊరికేగా ఇస్తాం?"
సెంగా అర్థంకాక అడిగింది.
స్ట్రూవన్ మాట నలిపేస్తుంటే
ఓ పొద్దున బల్లని గోడవారకి జరిపాను,
అటూ ఇటూ అనేవి లేకుండా.
పదకొండయ్యేసరికి అది మళ్లీ నడిమధ్యనే ఉంది.
"మోకాళ్లమ్మా. ఆనుకోడానికి ఏదో ఒకటి ఉండాలి."

నవంబరులో, టే నది మీది మంచు
వీధి దీపాల్ని కూడా మింగేసిన గురువారం,
స్ట్రూవన్ వచ్చాడు.
నా కోసం కాదు, నా పోస్టర్ చూసి కాదు.
సామాన్ల బండి చక్రం బాగుచేసి తెచ్చాడు, షాపు పనే.
ఒక కాలు గడపలో, ఒక కాలు వానలో.
బిల్లు మీద సంతకం కోసం చూస్తున్నాడు.

సెంగా వెనక్కి తిరిగింది.
తల పైకెత్తి, ఇంకా పైకెత్తి, వాణ్ణి చూసింది.
"పొడుగ్గా ఉన్నావ్, ఆ డబ్బా దించు."

దించాడు.
దాని వెనక ఇంకోటి ఉంది.

ఒంటిగంట దాకా దించుతూనే ఉన్నాడు.
వరసలోంచి ఒకావిడ కళ్లద్దాలు తుడుచుకుని
"నువ్వు మోరాగ్ కొడుకువి కదూ?"
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
"అవును."
"టమాటా సూపుందా?"
"మూడున్నాయి."
"రెండు చాల్లే. వెనకాల పిల్లలున్నవాళ్లున్నారు."
అంతే.

ప్రొఫెసర్ అడిగాడు, ఏ ప్రయోగం ఫలించిందని.
పిలవని పేరంటానికి ఎవరొస్తారు సార్ అనబోయి
అది ఏ పట్టికలో రాయాలో తెలీక
"నమూనా చిన్నది" అన్నాను.

చివరి రోజు చీటీలు పీకడానికి వెళ్లాను.
గోడ మీద ఒక్కటీ లేదు.
జిగురు ఆరి రాలిపోతుంటే సెంగా ఏరి దాచిందట.
అరల నిండా అవే, తిరగేసి అంటించి ఉన్నాయి,
టైర్ల షాపు బిల్లులమీది చేతిరాతతో:
బీన్స్, మార్చి దాకా.
పాలపొడి, ఈ వారమే.
ఒకటి పైకెత్తి చూశాను.
వెనక నా రాత, టైం లేదు.
మళ్లీ అదిమిపెట్టి,
ఖాళీ పెట్టెలు బయటికి మోశాను.